మంత్రం పుట్టుక తెలిస్తే నింద నిలవదు

నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లు వదిలాక కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు ఎందరో మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలకు తరలివచ్చి భూములు కొన్నారు. వాళ్లతో పాటే వాళ్ల తాయెత్తులు, దిష్టితీతలు, గాలీ ధూళీ భయాలూ వచ్చాయి. ఇక్కడివాళ్లకు ఆ భయాలు కొత్తవి కావు. కోస్తాలో చేతబడి, చిల్లంగి అంటే, ఇక్కడ బాణామతి అన్నారు. తెలంగాణ పల్లెల్లో అంతుపట్టని జబ్బు చేస్తే ఏదో ఒక ఇంటిని వేలెత్తి చూపడం నేటికీ ఆగలేదు. ఆ నింద నిలబడేది ఒకే నమ్మకం మీద: ఫలానా మనుషుల దగ్గర తరతరాల రహస్య విద్య ఉందని. ఆ విద్య పుట్టుపూర్వోత్తరాలు తరచి చూస్తే అలాంటి గుత్త సొత్తు ఎవరి దగ్గరా కనిపించదు.

వలసవెళ్లిన మంత్రాల చరిత్ర బాగా నమోదైన చోటు అమెరికాలోని పెన్సిల్వేనియా. 1683 నుంచి అక్కడ స్థిరపడిన జర్మన్లు జబ్బులకు, పశువుల రోగాలకు మంత్రం వేసేవారు. 1802లో వలసవచ్చిన జాన్ జార్జ్ హోమన్ 1820లో అలాంటి మంత్రాలు, మందులు కలిపి రెడింగ్ పట్టణంలో పుస్తకం వేశాడు. అందులో క్రైస్తవ ప్రార్థనలు, ఇంటి వైద్యం, పాత మంత్రాలు కలగలిసి ఉన్నాయి. చేతబడి నుంచి కాపాడుతుందని జనం ఆ పుస్తకాన్నే తాయెత్తులా దగ్గర పెట్టుకున్నారు. మరీ పాతదనుకున్న మంత్రమూ మారుతూ వచ్చిందే. గుర్రం కాలు బెణికితే చదివే జర్మన్ మంత్రం 10వ శతాబ్దపు రాతప్రతిలో వోడెన్ దేవుడి పేరుతో ఉంది. తర్వాతి కాలపు పాఠాల్లో ఆ చోట క్రీస్తు వచ్చి చేరాడు. దేవుడు మారినా మంత్రం బతికింది, ఎందుకంటే గుర్రం కుంటితే రైతు బతుకూ కుంటుపడేది.

మన దగ్గరా నమ్మకాలు అలాగే కలగలిశాయి. పాలకీడు మండలం జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు హిందువులు, ముస్లింలు కలిసి వెళతారు, కందూరు చేస్తారు. పిల్లవాడు పాలు తాగక గుక్కపెట్టి ఏడిస్తే ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి మూడుసార్లు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలిందంటారు. కాలువ నీళ్ల కోసం వచ్చిన ఇంట్లోనూ, తరాలుగా ఇక్కడే ఉన్న ఇంట్లోనూ జరిగేది ఇదే. అందరి చేతుల్లో ఉన్న ఆచారాన్ని ఒక కులానికో ఒక ముసలమ్మకో అంటగట్టడం అన్యాయం.

ఇలా తరచి చూడడం పెద్దల ఆచారాన్ని కించపరచడమేనని కొందరంటారు. దిష్టి తీస్తే తల్లి మనసు కుదుటపడుతుంది. ఆసుపత్రికి వెళ్లడం ఆలస్యం కానంతవరకు దానితో పేచీ అక్కర్లేదు. అసలు ఇదంతా మూఢత్వమే, మొత్తం నిషేధించాలని మరికొందరంటారు. నిషేధిస్తే అది చాటుకు పోతుంది తప్ప భయం పోదు. నయంచేసే మంత్రంలో కన్నా నిందలోనే ప్రమాదం ఎక్కువ. పెన్సిల్వేనియాలోనే 1928లో, తనకు చేతబడి చేశాడన్న అనుమానంతో జాన్ బ్లైమైర్, మరో ఇద్దరితో కలిసి నెల్సన్ రీమేయర్‌ను అతని ఇంట్లోనే చంపాడు. చదువు, బడులు, పత్రికలు ఉన్న దేశంలోనే అలా జరిగింది కాబట్టి, చదువు పెరిగితే అదే సర్దుకుంటుందని మనం చేతులు కట్టుకుని కూర్చోలేం.

మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి దురాగతాల మీద ప్రత్యేక చట్టాలు చేశాయి. తెలుగు రాష్ట్రాలూ చేయాలి. బాణామతి చేశారని ప్రచారం చేయడాన్నే అందులో నేరంగా పెట్టాలి. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఊళ్లో అలాంటి మాట పుట్టిన రోజే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు, ఎస్సై, తహసీల్దారు కలిసి అక్కడికి వెళ్లాలి. జబ్బుపడ్డ మనిషికి వైద్యం, నిందపడ్డ మనిషికి రక్షణ ఒకే పూట అందితే ప్రాణాలు దక్కుతాయి.