చేప పడకపోవడం కాదు, ఐసు వేయకపోవడం

వైద్యవృత్తిలో ఉండగా నేను చేసిన పొరపాట్లలో ఒకదానిని ఈ వ్యాసంలో ఒప్పుకోవలసి ఉన్నది. చాలా సంవత్సరాల క్రిందట ఒక ఆదివారం రాత్రి ముప్పయి ఏండ్ల యువకుడొకరు అత్యవసర విభాగానికి వచ్చారు. ముఖం, మెడ, ఛాతీ ఎండకు కమిలినట్లు ఎర్రబడి ఉన్నాయి. తల పగిలిపోతున్నదని, గుండె దడదడలాడుతున్నదని చెప్పారు. అప్పటికే రెండుసార్లు విరేచనమైంది. గంట ముందు చేపల పులుసుతో భోజనం చేశారు. నేను యాంటీహిస్టమిన్ సూదిమందు ఇచ్చి, కొన్ని గంటలు పరిశీలనలో ఉంచి, తెల్లవారుజామున ఇంటికి పంపించాను. పంపించే ముందు చీటీ మీద ‘చేపల ఎలర్జీ. ఇకపై చేపలు తినరాదు’ అని వ్రాశాను. ఆ చేప ఎక్కడిదని అడగలేదు. అదే చేప తిన్నవారిలో ఇంకెవరికైనా ఇలా జరిగిందా అని కూడ అడగలేదు.

ఆ రెండు ప్రశ్నలకు జవాబులు పదకొండేళ్ళ తరువాత, ఆయన రక్తపోటు చూపించుకోవడానికి నా వద్దకు వచ్చినపుడు తెలిశాయి. ఆ ఆదివారం ఆయన నలుగురు స్నేహితులతో కలిసి భీమిలి వైపున ఒక ఫైబరు పడవను బాడుగకు మాట్లాడుకొని సరదాకు గాలం వేటకు వెళ్ళారట. ఉదయం ఏడు గంటలకే ఒక ట్యూనా చిక్కింది. అది మధ్యాహ్నం మూడు దాటే వరకు పడవలో తడి గోనెసంచి క్రింద పడి ఉన్నది. ఆ చేపనే పంచుకొన్న ఒక స్నేహితుని తల్లికి కూడ ఆ రాత్రి ముఖం ఎర్రబడి తలనొప్పి వచ్చిందట. వేడి చేసిందనుకొని మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టారట. నా చీటీ పుణ్యమా అని, సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగిన ఆ మనిషి పదకొండేళ్ళు చేపముక్క ముట్టలేదు. తనది వంశపారంపర్యంగా వస్తుందేమోనని పిల్లలకూ పెట్టనివ్వలేదు.

ఆయనకు వచ్చినది ఎలర్జీ కాదు. హిస్టమిన్ విషప్రభావం. వైద్యగ్రంథాలలో దీనిని స్కాంబ్రాయిడ్ విషప్రభావం అంటారు. ట్యూనా, వంజరం, కానాగంతలు, కవ్వళ్ళు, నెత్తళ్ళు వంటి చేపల కండరాలలో హిస్టిడిన్ అనే ఎమైనో ఆమ్లం సమృద్ధిగా ఉంటుంది. చేప బ్రతికి ఉన్నంతకాలం దాని మొప్పలలోను, ప్రేవులలోను ఉండే సూక్ష్మజీవులు కండలోకి చొరబడలేవు. చచ్చిన తరువాత వాటికి అడ్డు లేదు. ఆ సూక్ష్మజీవులలోని ఒక ఎంజైము హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మారుస్తుంది. వెచ్చదనంలో ఈ మార్పు వేగంగా, చల్లదనంలో మందంగా జరుగుతుంది. ఎలర్జీలో మన శరీరకణాలు విడుదల చేసే పదార్థం కూడ ఈ హిస్టమినే. అందుచేతనే లక్షణాలు అచ్చం ఎలర్జీ వలెనే ఉంటాయి. తిన్న కొద్ది నిమిషాల నుంచి ఒకటి రెండు గంటలలోపు ముఖం ఎర్రబడుతుంది. తలనొప్పి, గుండెదడ, దద్దుర్లు, కడుపునొప్పి, విరేచనాలు కలుగవచ్చును. తింటున్నపుడే నాలుక మీద మిరియాలు నమిలినట్లు మంట తోచిందని కొందరు చెబుతారు. సాధారణంగా కొన్ని గంటలలో, మహా అయితే ఒకటి రెండు రోజులలో తగ్గిపోతుంది.

ఇందులో గృహిణులను, వంటలో ఆరితేరినవారిని సైతం మోసగించే సంగతి ఒకటున్నది. హిస్టమిన్ ఉడికిస్తే పోదు. నూనెలో వేయించినా, చింతపండు పులుసులో మరిగించినా, ఉప్పులో ఊరవేసినా పోదు. ఇంటికి తెచ్చి ఫ్రీజరులో పెడితే ఇకముందు పుట్టేది ఆగవచ్చును గాని, అప్పటికే పుట్టినది అట్లాగే ఉంటుంది. పైగా ఆ చేప కుళ్ళినట్లు కనిపించకపోవచ్చును, వాసన కూడ రాకపోవచ్చును. మొప్ప ఎత్తి చూసి, కన్ను చూసి, వ్రేలితో నొక్కి చేపను ఎంచే మన పెద్దల పరీక్ష చాలా మంచిదే, కాని హిస్టమిన్‌ను పట్టుకోవడానికి అది చాలదు.

కానాగంత పేరు చెప్పాను కనుక ఒక చిన్న ముచ్చట. పద్దెనిమిదవ శతాబ్దం చివరలో విశాఖపట్నంలో గడిపిన స్కాట్లండు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ మన తీరపు చేపలను సేకరించి, బొమ్మలు గీయించి, ఇక్కడివారు పలికిన పేర్లనే వాటి ప్రక్కన వ్రాసుకొన్నాడు. రెండు వందల చేపల ఆ గ్రంథం 1803లో లండనులో అచ్చయింది. కానాగంతకు శాస్త్రీయనామమైన రాస్ట్రెల్లిజర్ కనగుర్త అలా మన తెలుగు మాట నుంచి వెళ్ళినదే. రక్తపింజరికి ఆంగ్లంలో ఉన్న పేరు కూడ ఈ వైద్యునిదే. ఒక వైద్యుడు చేప పేరును అంత శ్రద్ధగా అడిగి తెలుసుకొన్న ఊరిలోనే, రెండు శతాబ్దాల తరువాత మరొక వైద్యుడు తన రోగి తిన్న చేప పేరైనా అడగలేదు.

ఇక పడవ విషయానికి వస్తాను. గాలం వేటను నేను తప్పుపట్టను. వారమంతా కుర్చీకి అతుక్కొని కూర్చొనేవారు తెల్లవారుజామున లేచి సముద్రపు గాలి పీల్చడం మంచిదే. నా అభ్యంతరమల్లా బయలుదేరేటప్పుడు వారు సర్దుకొనే సామాను మీదనే. వేల రూపాయల గాలం కర్రలుంటాయి, రీళ్ళుంటాయి, రంగురంగుల నకిలీ ఎరలుంటాయి. ఐసు పెట్టె కూడ ఉంటుంది, కాని అందులో శీతలపానీయాల సీసాలుంటాయి. చేపకు చోటుండదు. చేప చిక్కిన తరువాత దానిని ఎత్తిపట్టుకొని ఒక్కొక్కరుగా ఫోటోలు దిగుతారు. ఆ తరువాత అది పడవ అడుగున పడి ఉంటుంది. పైన కప్పే తడి గోనె ఎండ తగలకుండా కాపాడుతుందే తప్ప చేప లోపలి వేడిని తీయలేదు.

ట్యూనా విషయంలో మరొక చిక్కున్నది. చాలా చేపలకు లేని గుణం దానికున్నది. తన కండరాలలో పుట్టిన వేడిని అది కొంతవరకు నిలుపుకోగలదు. గాలానికి తగులుకొని చాలాసేపు పెనుగులాడిన ట్యూనా సముద్రపు నీటికంటె వెచ్చగా పడవలోకి చేరుతుంది. వేటకాడికి ఆ పెనుగులాటే ఆనందం. సూక్ష్మజీవులకు అది వెచ్చని పడక.

అమెరికా ఆహార, ఔషధ సంస్థ వాణిజ్య వేటగాళ్ళకు ఇచ్చిన మార్గదర్శకాలలో ఒక లెక్క ఉన్నది. గాలి లేదా నీటి ఉష్ణోగ్రత 28.3 డిగ్రీల సెల్సియస్‌కు మించి ఉంటే, ఇటువంటి చేపలను వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోను చచ్చిన 6 గంటలలోపు ఐసులో పెట్టాలి. మన తీరంలో సంవత్సరంలో చాలా నెలలు పగటి వేడి ఆ హద్దును దాటే ఉంటుంది. ఉదయం ఏడింటికి చచ్చిన చేపకు మధ్యాహ్నం ఒంటిగంటతో గడువు తీరిపోయినట్లే. ఆరు గంటలు హాయిగా వదిలివేయవచ్చునని దీని అర్థం కాదు. ఆ గడువు చేరే వరకు చూడకూడదనే అర్థం. సరదా వేటలో పట్టి స్నేహితులకు పంచే చేపను ఏ తనిఖీదారూ చూడడు. ఎగుమతికి వెళ్ళే చేపకు పరీక్షలున్నాయి, మన ఇంటి పులుసులోకి వచ్చే చేపకు పట్టినవాని బాధ్యతాబుద్ధి తప్ప వేరే పరీక్ష లేదు.

ఇది చెప్పినపుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది. “తాతల కాలం నుంచి మత్స్యకారులు ఐసు లేకుండానే తెచ్చేవారు కదా, డాక్టరుగారూ! అప్పుడు లేని రోగం ఇప్పుడెక్కడిది?” న్యాయమైన ప్రశ్నే. తెప్పల మీద చీకటితో వెళ్ళినవారిలో ఎందరో ఎండ ముదరక మునుపే ఒడ్డుకు చేరేవారు. చేప ఆ పూటకే వంటయ్యేది. మిగిలినది ఉప్పుచేప అయ్యేది. సరదా వేటగాని దినచర్య దానికి తలక్రిందులు. ఎండ ఎక్కే కొద్దీ అతనికి హుషారు, చేప ఇల్లు చేరేది సాయంత్రం. ఇక అప్పుడు ఈ రోగం లేదన్న మాటను నేను నమ్మను. ‘ఈ చేప నాకు పడలేదు’, ‘వేడి చేసింది’ అని మనవారు చెప్పుకొన్న వాటిలో ఇవి కొన్ని ఉండే ఉంటాయి. నేడు చేపల రేవులో మరపడవలు బయలుదేరే ముందు చూడండి. వలకంటె ముందు పొడి ఐసు గదులలోకి దిగుతుంది. సరంగుకు హిస్టమిన్ పేరు తెలియకపోవచ్చును, ఐసు లేని సరుకు ఏ ధర పలుకుతుందో తెలుసు. సరదాకు వెళ్ళేవారు అతని వద్ద గాలం వేసే చోటు అడుగుతారు గాని ఈ సంగతి అడగరు.

పట్టదలచుకొన్న చేప ఎంత బరువో అంత బరువు ఐసు తీసుకొని వెళ్ళాలని నా సలహా. పెద్ద గడ్డకంటె పగులగొట్టిన ఐసు మేలు. అందులో కొంచెం సముద్రపు నీరు పోస్తే ఐసునీరు చేపను అన్ని వైపుల నుంచి తాకి త్వరగా చల్లబరుస్తుంది. పెద్ద చేపనైతే మొప్పల వద్ద కోసి నెత్తురు పోనిచ్చి, ప్రేవులు, మొప్పలు తీసివేసి, ఆ పొట్టలో ఐసు కూరాలి. పెట్టె నిండిన తరువాత వేట ఆపివేయాలి, లేదా ఆ తరువాత చిక్కినదానిని బ్రతికి ఉండగానే నీటిలో వదిలివేయాలి. ఐసు లేని రోజున తినడానికి చేప పట్టకూడదు. ఎండలో ఎంతసేపు ఉన్నదో తెలియని ట్యూనాను, వంజరాన్ని ఎవరైనా ప్రేమగా ఇచ్చినా, మొహమాటపడకుండా వద్దనండి. అది కష్టమే. నేనూ ఒకటి రెండుసార్లు వద్దనలేక పుచ్చుకొని, తరువాత పారవేశాను.

పడవ మీద ఇతర అపాయాలు లేవని కాదు. లైఫ్ జాకెట్ తొడుక్కొనేదే గాని కూర్చొనేది కాదు. దానిని దిండుగా వేసుకొన్నవారిని చూశాను. జెల్ల ముల్లు గాని టేకు ముల్లు గాని గ్రుచ్చుకొంటే, చర్మం ఓర్చుకోగల వేడినీటిలో, అంటే సుమారు 45 డిగ్రీల నీటిలో, ఆ భాగాన్ని ఉంచితే నొప్పి చాలావరకు తగ్గుతుంది. తరువాత వైద్యునికి చూపించాలి, ధనుర్వాతపు టీకా సంగతి కూడ చూసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పుతీరంలో మరపడవల వేటకు నిషేధం ఉన్నది. డబ్బు ఎక్కువిచ్చి పడవవానిని ఒత్తిడి చేయకండి.

నా తోటి వైద్యులకు, ముఖ్యంగా రాత్రి విధులలో ఉండే యువవైద్యులకు, ఒక విన్నపం. రోగికి ఊపిరి అందకపోయినా, పిల్లికూతలు వినిపించినా, రక్తపోటు పడిపోయినా కారణం కోసం ఆగరాదు. తీవ్రమైన ఎలర్జీకి చేసే చికిత్సనే, ఎడ్రినలిన్‌తో సహా, వెంటనే చేయాలి. హృద్రోగులలో ఈ విషప్రభావం కూడ ప్రమాదకరం కాగలదు. కాని రోగి కుదుటపడిన తరువాత చీటీ మీద ఎలర్జీ అని వ్రాసే ముందు కొన్ని సంగతులు అడగండి. ఏ చేప? దానిని ఎవరు, ఎప్పుడు పట్టారు? ఐసు వేశారా? తిన్నవారిలో ఇంకెవరికైనా ఇలా అయిందా? ఇంతకు మునుపు ఇదే చేప తిని బాగున్నారా? సందేహముంటే, లక్షణాలున్న గంటలలోనే తీసిన రక్తంలో ట్రిప్టేజ్ పరీక్ష ఉపకరిస్తుంది. తీవ్రమైన ఎలర్జీలో అది పెరగవచ్చును, చేపలోని హిస్టమిన్ వలన సాధారణంగా పెరగదు. మిగిలిన చేపముక్కను ఫ్రీజరులో దాచమనండి, పరీక్షకు పనికి వస్తుంది.

క్షయవ్యాధికి ఐసోనయాజిడ్ వాడుతున్నారా అని కూడ తప్పక అడగండి. మనం తిన్న హిస్టమిన్‌ను ప్రేవులలో విరిచివేసే ఎంజైమును ఆ మందు అణచివేస్తుంది. అట్టివారిలో తక్కువ మోతాదు హిస్టమిన్ కూడ తీవ్రమైన లక్షణాలను కలిగించగలదు. ఈ సంబంధాన్ని శ్రీలంక వైద్యులు 1970లలోనే వెల్లడించారు. క్షయ మందులు వాడే ఆరునెలలూ ట్యూనా, కానాగంతల వంటి చేపలను మానివేయడం క్షేమం. ఎలర్జీ ఉన్నదని ఇదివరకే ముద్ర పడినవారు మాత్రం ఈ వ్యాసం చదివి ఇంట్లో తామే తిని చూడరాదు. నిజమైన చేపల ఎలర్జీ కూడ ఉన్నది, అది ప్రాణాంతకం కాగలదు. నిపుణునికి చూపించుకొని, పరీక్షల తరువాతనే తినాలి.

నా పాత రోగిని అలాగే పంపించాను. చర్మపరీక్ష, రక్తపరీక్ష రెండింటిలోను చేపల ఎలర్జీ కనబడలేదు. తరువాత ఆ నిపుణుల పర్యవేక్షణలోనే కొద్దికొద్దిగా చేప తినిపించి చూశారు, ఏమీ కాలేదు. ఇంట్లో మొదటిసారి తిన్నరోజున ఆయన భార్య నాకు ఫోను చేసి చెప్పారు. తెల్లవారుజామున తానే రేవుకు వెళ్ళి ఐసులో ఉన్న కానాగంతలను ఏరి తెచ్చి పులుసు పెట్టారట. ఆయన మాత్రలపట్టీని కంచం ప్రక్కనే పెట్టుకొని తిన్నారట.