సంచీ కాదు, గుడారం!



సైన్సు పాఠం చెప్పే రోజుల్లో నేనొక తప్పు చేశాను. ఆ తప్పును యీ నెల మీ ముందు దిద్దుకుంటాను.

ఒకనాడు జీవకణాన్ని గురించి చెబుతూ, “కణమంటే పల్చని పొరలో చిక్కని ద్రవం నింపిన సంచీ,” అన్నాను. వెనక బెంచీ కుర్రవాడొకడు లేచి, “నీళ్ళ సంచీ కింద పెట్టగానే చతికిలబడుతుంది కద, మాష్టారూ! మరి కణానికి ఆకారం యెలా నిలుస్తుంది?” అన్నాడు.

నాకు జవాబు తెలియదు. ఆ మాట చెప్పక, “పాఠంలో లేనివి అడక్కు, కూర్చో!” అన్నాను. వాడు కూర్చున్నాడు. మళ్ళీ యేనాడూ నన్ను ప్రశ్న అడగలేదు.

వాడడిగిందే అసలైన ప్రశ్న. కణంలో సన్నని పోగులతో అల్లిన అస్థిపంజరం వున్నది. అందులో ఆక్టిన్ పోగుల మందం సుమారు 7 నానోమీటర్లు. సూక్ష్మనాళికలనే గొట్టాల మందం సుమారు 25 నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే, అందులో ఒక భాగం నానోమీటరు!

యింత చిన్న పోగులు కణాన్ని యెలా నిలబెడుతున్నాయి? గుడారాన్ని తలుచుకోండి. గుంజ పైకి తన్నుతుంది, తాళ్ళు కిందికి లాగుతాయి. యీ రెంటి పెనుగులాట వల్లనే గుడారం నిలుస్తుంది. కణంలో గొట్టాలు గుంజలు, ఆక్టిన్ పోగులు తాళ్ళు.

యీ ఆలోచన డొనాల్డ్ ఇంగ్బర్‌ది. 1970ల మధ్యలో ఆయన అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి. అక్కడ శిల్పకళ తరగతిలో ఒక వింత బొమ్మ చూశాడు. దాని కర్రలు ఒకదాన్నొకటి తాకవు. తాళ్ళ బిగువే వాటిని నిలబెడుతుంది. నొక్కితే అణుగుతుంది, వదిలితే లేస్తుంది.

ఇంగ్బర్ పుల్లలతో, సాగే దారాలతో కణానికొక నమూనా కట్టాడు. గట్టి పలకకు బిగిస్తే అది చదునుగా పరుచుకున్నది. విడిపిస్తే గుండ్రనైంది. గాజుపలకకు అంటుకున్న కణమూ అంతే! అంటుకున్నప్పుడు పరుచుకుంటుంది, ఊడదీస్తే గుండ్రనవుతుంది.

1993లో ఆయనా, తోటి శాస్త్రజ్ఞులూ కణాల పైపొరకు చిన్న చిన్న అయస్కాంత పూసలు అంటించి మెలితిప్పారు. బలం పెంచినకొద్దీ కణం మరింత బిగుసుకున్నది. పుల్లల నమూనా కూడా అలాగే బిగుసుకుంటుంది.

అయితే, నమూనాయే కణం కాదు. పుల్లలు పెరగవు, తరగవు. కణంలోని పోగులు మాత్రం ఒకపక్క పెరుగుతూ, మరొకపక్క తరుగుతూనే వుంటాయి. అందుకే శాస్త్రజ్ఞులు వేరే నమూనాలు కూడా కట్టి చూస్తున్నారు.

మీరొక చీపురుపుల్లను వంచి, దారం కట్టి విల్లు చెయ్యండి. పుల్ల యెటు తన్నుతున్నదో, దారం యెటు లాగుతున్నదో వేలితో తాకి చూడండి. సందేహం వస్తే మాష్టారినడగండి. “నాకూ తెలియదు, కలిసి చూద్దాం రండి,” అన్నారా, మీరు అదృష్టవంతులు!

ఆ కుర్రవాడిప్పుడు యెక్కడున్నాడో! వాడి పిల్లలు యీ పత్రిక చదువుతూంటే, యీ జవాబు వాళ్ళ నాన్నకు చదివి వినిపించాలి.