ఆత్మవిమర్శకు గంట ఏదీ?

పసిపిల్లల ఉపాధ్యాయులు తమ పనిని తామే విమర్శించుకుంటూ ఎదగాలని మన విద్యావేత్తల ఉపదేశం. నేను కాదనను. పిల్లవాడు కథ మధ్యలో లేచిపోతే లోపం వాడిదా, కథదా, చెప్పిన తీరుదా అని ఆలోచించడమే ఈ విద్య.

కాని ఆలోచనకు వ్యవధి కావాలి, స్వేచ్ఛ కావాలి. గిజూభాయి ‘దివాస్వప్నం’లో ఉపాధ్యాయుడికి విద్యాధికారి ఏడాదిపాటు ప్రయోగాలు చేసుకొమ్మని ఒక తరగతినే అప్పగించాడు. మన అంగన్‌వాడీ టీచరుకు ఏమి అప్పగించారు? గుడ్ల లెక్క, పిల్లల తూకం, గర్భిణుల వివరాలు, ఫోనులో వాటి నమోదు! వీటి మధ్య సందు దొరికితే బడి. 1975లో పథకం పుట్టిననాటినుంచి ఆమెకు దక్కేది జీతం కాదు, ‘గౌరవ’వేతనం.

2020 జాతీయ విద్యావిధానం ఇంటరు చదివిన టీచర్లకు ఆరు నెలల, తక్కినవారికి ఏడాది శిక్షణ విధించింది. అదీ ఫోన్లలో, టీవీల్లో, ఉన్న పని ఆగకుండా. పరీక్షించడానికి నెలకొక తరగతి ఉంది. ఇద్దరు టీచర్లు కూర్చుని ఒక పిల్లవాడిగురించి వాదించుకోడానికి గంట లేదు. దీన్ని వృత్తివికాసమంటే నేనొప్పుకోను.

2023 డిసెంబరులో ఆంధ్రలో వీళ్లు వేతనం పెంచమని సమ్మె చేస్తే 2024 జనవరిలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. పని అత్యవసరమట, చేసేవాళ్లు ఉద్యోగులు కారట! శిక్షణ కళాశాలల మిత్రులారా, ఆమెచేత ఆత్మవిమర్శ డైరీలు రాయించబోయేముందు, జీతంతో కూడిన ఆ గంటను మీరు అడిగారా?