టైటిల్ కార్డులో ఆమె పేరేది?

నష్టాల్లో ఉన్న రామానాయుడి సురేష్ ప్రొడక్షన్స్‌ను 1971లో నిలబెట్టింది ‘ప్రేమనగర్’. ఆ తర్వాత తమిళంలో ‘వసంత మాళిగై’ అయింది, హిందీకీ వెళ్లింది. తల్లాడ సెంటర్‌లో సత్తుపల్లి బస్సు కోసమో కొత్తగూడెం బస్సు కోసమో నిలబడ్డ పెద్దవాళ్లను ఆ సినిమా గురించి కదిపి చూడండి. నాగేశ్వరరావు, వాణిశ్రీ, ఘంటసాల పాటలు గడగడా చెప్పేస్తారు. కథ ఎవరిదంటే మాత్రం చాలామంది తడుముకుంటారు. అది కోడూరి కౌసల్యాదేవి నవల. అంతకుముందు ఆమె రాసిన ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ అయి, ఉత్తమ చిత్రంగా తొలి నంది అందుకుంది.

ఆ రోజుల్లో తెలుగు సినిమా రచయిత్రుల నవలల మీద బాగా ఆధారపడింది. యద్దనపూడి సులోచనారాణి ‘జీవన తరంగాలు’, ‘సెక్రటరీ’, రంగనాయకమ్మ ‘బలిపీఠం’ తెరకెక్కాయి. వారపత్రికల్లో సీరియల్‌గా చదివి, అద్దె పుస్తకాల షాపుల్లో వంతు కోసం ఎదురుచూసి మళ్లీ చదివిన ఆడవాళ్లే ఈ సినిమాలకు తొలి ప్రేక్షకులు. రచయిత్రుల పేరుకు ఎంత గిరాకీ ఉండేదంటే, పురాణం సుబ్రహ్మణ్యశర్మ అంతటి సంపాదకుడు ‘పురాణం సీత’ పేరుతో ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాశారు.

మరి ఆ పేర్లు ఎటు పోయాయి?

‘మీనా’ సంగతే తీసుకుందాం. సులోచనారాణి రాసిన ఈ నవలను 1973లో విజయనిర్మల సినిమాగా తీశారు. తెలుగులో దర్శకురాలిగా ఆమెకదే మొదటి చిత్రం. ఒక స్త్రీ రాసిన కథను మరో స్త్రీ తెరమీద పెట్టింది. విజయనిర్మల మొత్తం 44 సినిమాలకు దర్శకత్వం వహించి గిన్నిస్ రికార్డులోకెక్కారు. అదే కథ ఛాయలతో 2016లో ‘అ ఆ’ వచ్చింది. పెద్ద దర్శకుడు, పెద్ద విజయం. నవల చదివినవాళ్లు పోలికలు ఎత్తిచూపి చర్చ రేపాకగానీ సులోచనారాణి పేరు పైకి రాలేదు. అప్పటికామె బతికే ఉన్నారు. హైదరాబాద్‌లో సినిమా తీస్తూ ఆమెకు ముందే చెప్పడం, మొదటి ఆటనుంచే పేరు వేయడం ఏమంత కష్టం? ఇది మర్యాదకు సంబంధించిన విషయమే కాదు, హక్కుకు సంబంధించిన విషయం.

సాహిత్యంలోనూ ఇదే తంతు. ఖమ్మం పక్కనుంచి పారే మున్నేరు కిందికి వెళ్తే పెనుగంచిప్రోలు. భండారు అచ్చమాంబ పుట్టిన ఊరది. ఆమె 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ ప్రచురించారు. 1902లో ‘హిందూ సుందరి’ పత్రికలో ‘ధన త్రయోదశి’ కథ రాశారు. భర్త దారితప్పి తెచ్చిన సొమ్మును ముట్టనని నిలదీసే పేద ఇల్లాలి కథ. అదే ఏడు మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టడంలోనూ ఆమె చేయి ఉంది. ముప్పయ్యేళ్లు దాటీ దాటకముందే, 1905లో కన్నుమూశారు. గురజాడ ‘దిద్దుబాటు’ వచ్చింది 1910లో. అయినా తొలి కథ అనగానే దశాబ్దాలపాటు పిల్లలు బళ్లో వల్లెవేసింది ‘దిద్దుబాటు’నే. గురజాడ గొప్పతనానికి దీనివల్ల వచ్చే లోటేమీ లేదు. అచ్చమాంబను మరిచిపోవడం మాత్రం పెద్ద అన్యాయం. స్త్రీవాద పరిశోధకులు పాత పత్రికల దుమ్ము దులిపి ఉండకపోతే ఆమె పేరు అక్కడే పడి ఉండేది.

పురస్కారాల లెక్క ఇంకా గట్టిగా మాట్లాడుతుంది. తెలుగుకు వచ్చిన మూడు జ్ఞానపీఠాల్లో రచయిత్రికి ఒక్కటీ లేదు. 2015లో ఓల్గాకు ‘విముక్త’ మీద కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ తర్వాత 2024 దాకా ఆ పురస్కారం ఏ తెలుగు రచయిత్రి గడపా తొక్కలేదు. ఈ తొమ్మిదేళ్లలో తెలుగు ఆడవాళ్లు రాయడం మానేశారా? దళిత, ముస్లిం, ఆదివాసీ స్త్రీలు రాయడానికి ముందుకొచ్చిన కాలమిది.

సినిమాలో మరుగున పడేది రచయిత్రుల పేర్లే కాదు. ఆ రంగంలో ఆడవాళ్ల స్థితిగతులపై తెలంగాణ ప్రభుత్వం వేసిన ఉపసంఘం 2022లో నివేదిక ఇచ్చింది. కేరళలో ఇదే అంశంపై హేమ కమిటీ ఇచ్చిన నివేదిక వెలుగుచూశాక, 2024 ఆగస్టులో నటి సమంత అడగాల్సి వచ్చింది, ఇక్కడిదీ బయటపెట్టమని. ప్రజల సొమ్ముతో రాయించిన నివేదిక ప్రజలు చదువుకోవడానికి ఇంత బతిమాలించుకోవాలా?

మళ్లీ కథ రాసినవాళ్ల పేరు దగ్గరికొస్తే, ప్రభుత్వం రేపటినుంచే చేయగల పని ఒకటుంది. 2025లో మొదలైన గద్దర్ సినిమా పురస్కారాలకు దరఖాస్తు పెట్టే ప్రతి నిర్మాతా, కథకు ఆధారం ఏ నవలో, ఏ కథో, రాసిందెవరో, వాళ్లతో ఒప్పందం ఉందో లేదో రాసివ్వాలనే నిబంధన పెట్టాలి. ఒప్పందం లేకపోతే దరఖాస్తు వెనక్కి పంపాలి.