తల్లి ఉన్న అనాథలు

బడి తెరిచిన వారంలోనే ఆయన వస్తాడు. మోటారు సైకిలు, చంకలో ఫైలు, నోట్లో ప్రభువు మాట. "మాస్టారూ, ఇద్దరు పిల్లలకి టీసీ ఇప్పించండి, కింద హాస్టల్లో చేరుస్తాం, ఇంగ్లీషు మీడియం" అంటాడు. మేం ఇచ్చాం. ఒకసారి కాదు, మూడేళ్ళు ఇచ్చాం. ఈ తప్పు ముందు ఒప్పుకుని, మిగతావాళ్ళ సంగతి తర్వాత మాట్లాడతాం.

సంక్రాంతికి అందులో ఒక పిల్లవాడు ఇంటికొచ్చాడు. సంచిలో ఒక ఫోటో. ఒకే రంగు చొక్కాలు తొడుక్కున్న విదేశీయుల మధ్య వాడు. ఫోటో వెనక ఇంగ్లీషులో వాడికి పెట్టిన కొత్త పేరు, దాని కింద 'అనాథ' అన్న మాట. వాడి తండ్రి జ్వరంతో పోయిన మాట నిజమే. తల్లి ఉంది. చోడి చేలో పనిచేసి, సంతలో కొండచీపుర్లు అమ్ముకుని బతుకుతోంది. ఆమెకు ఆ ముక్క చదివి చెప్పాల్సింది మేమే. "నేను బతికుండగా నా కొడుకు అనాథ ఎలాగయ్యాడు మాస్టారూ?" అంది.

ఎలాగయ్యాడంటే, చూడ్డానికి వచ్చేవాళ్ళకు అనాథలు కావాలి గనక. పది రోజుల ప్రయాణం, పాటలు, బెలూన్లు, మిఠాయిలు, ఫోటోలు, వెళ్ళే రోజున ఏడుపులు. ఇంటికి వెళ్ళాక నెలనెలా డబ్బు. పిల్లలు తగ్గితే డబ్బు తగ్గుతుంది, అందుకే మోటారు సైకిలు కొండెక్కుతుంది. ఇది మన దగ్గరే కాదు. కంబోడియాలో పర్యాటకులు పెరిగినకొద్దీ అనాథాశ్రమాలూ పెరిగాయి. అక్కడి పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో ఉన్నారని యునిసెఫ్ చెప్పింది. నేపాల్లో మారుమూల హుమ్లా కొండల నుంచి చదువు ఆశ చూపి పిల్లల్ని ఖాట్మండు చేర్చారు. 2010లో హైతీ భూకంపం తర్వాత పదిమంది అమెరికన్ బాప్టిస్టులు 33 మంది పిల్లల్ని సరిహద్దు దాటిస్తూ పట్టుబడ్డారు. అనాథలన్న ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులున్నారు. ఉమ్మడి రాష్ట్రంలోనూ 1999, 2001లలో లంబాడా తండాల పసికందులను కొని విదేశీ దత్తతకు పంపుతున్న వ్యవహారం బయటపడింది. పేదల ఒడి ఎక్కడైనా ఒకటే.

వచ్చేవాళ్ళు చెడ్డవాళ్ళని మేం అనడం లేదు. చాలామంది మంచి మనసుతోనే వస్తారు. కానీ కొత్త మనిషి కనబడగానే పరుగెత్తి మెడకు చుట్టుకునే పిల్లను చూసి వాళ్ళు మురిసిపోతారు. డి.ఎడ్.లో పిల్లల మనోవిజ్ఞానం చదివినవాళ్ళం మనం. మన ఇళ్ళలో పిల్ల కొత్తవాళ్ళను చూస్తే అమ్మ చీర వెనక దాక్కుంటుంది కదా. ఎవరికైనా అతుక్కుపోయే పిల్లకు తనదంటూ ఒక మనిషి లేకుండా పోయిందని అర్థం. పది రోజులకోసారి ఒక జట్టు దగ్గరై వెళ్ళిపోతుంటే ఆ గాయం మానేదెప్పుడు?

మా ఊళ్ళో చర్చి ఉంది, మాలో ప్రార్థనకు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. మా తగువు మతంతో కాదు. ఈ వ్యాసం పట్టుకుని చర్చి మీద రాళ్ళు వేద్దామనుకునేవాళ్ళకు ఒక మాట: వేరే జెండాల కింద కూడా ఆదివాసీ పిల్లలు దూరపు ఆశ్రమాలకు రైలెక్కారు. బైబిలు చదివేవాళ్ళను మాత్రం ఒకటి అడుగుతాం. యాకోబు పత్రికలో అనాథలతో పాటు విధవరాండ్ర మాట కూడా ఉంది కదా. ఆ జట్లలో ఒక్కటైనా ఈ తల్లి ఇంటికి కొండెక్కిందా? ఒక్కరి విమానం టిక్కెట్టు డబ్బుతో ఆమె పొయ్యి ఎన్ని నెలలు వెలిగేది?

చట్టం లేకపోలేదు. 2015 బాల న్యాయ చట్టం 41వ సెక్షను ప్రకారం అలాంటి పిల్లలను ఉంచుకునే ప్రతి గృహం రిజిస్టరు కావాలి. పిల్లను బాలల సంక్షేమ కమిటీ ముందుకు తేవాలి. టీసీ మీద సంతకం పెట్టేముందు ఆ కాగితాలు చూపించమని అడగడం మన చేతిలో ఉన్న పని. మేం అడగలేదు.

ఈ జూన్‌లో అడిగాం. కాగితాలు తెస్తానని వెళ్ళినాయన మళ్ళీ రాలేదు. తల్లి వచ్చింది, పిల్లవాడి చెయ్యి పట్టుకుని. "అక్కడికి వద్దన్నారు, సరే. మరి మన ఆశ్రమ పాఠశాలలో సీటు లేదంటున్నారు. ఉన్నచోట మాస్టారు రారు, జ్వరమొస్తే నర్సు లేదు. వీడినెక్కడ వేస్తారు మాస్టారూ?" అంది. వార్డెన్‌కు ఫోన్ చేశాం. వారం తర్వాత రమ్మన్నాడు.