పాత బెంజి: ముందు లోపం, తర్వాతే సామాను

పాత లగ్జరీ కారు కొనడానికి పెద్ద డబ్బు అక్కర్లేదు. పదిహేనేళ్లు దాటిన బెంజి గానీ బీఎండబ్ల్యూ గానీ ఇవాళ కొత్త చిన్న కారు ఖరీదు కంటే తక్కువకే వస్తుంది. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. బండి ధర పడిపోయినా సామాను ధర పడదు. స్ట్రట్టు, కంప్రెసరు, గేర్‌బాక్సు కంప్యూటరు, అన్నీ ఆ కారు షోరూంలో వెలిగిన రోజుల లెక్కలోనే ఉంటాయి. ఒక్క తప్పు సామాను కొంటే బండి ఖరీదులో పెద్ద ముక్క పోయినట్టే. లోపం ఎక్కడుందో తేలకముందే సామాను తెప్పించే అలవాటే మన దగ్గర ఈ కార్లను షెడ్ల వెనక గడ్డిలో పడేస్తోంది.

ఆర్మూరుకు ఈ మాట మరీ వర్తిస్తుంది. 44, 63 నంబరు జాతీయ రహదారులు కలిసే ఊరు. పసుపు, ఎర్రజొన్న, విత్తనాల వ్యాపారం, వాడవాడకూ గల్ఫ్ సంబంధం. పంటకు ధర పలికిన ఏడాది పెద్ద కారు మీదికి మనసు పోవడంలో తప్పేమీ లేదు. ట్రాక్టరు, బొలెరో, లారీ, ఏది ఆగినా పక్కనున్న పెర్కిట్ చుట్టుపక్కల పని తెలిసిన చేతులున్నాయి. జర్మన్ కారు మొరాయిస్తే మాత్రం కంపెనీ వర్క్‌షాపు కోసం కామారెడ్డి మీదుగా హైదరాబాదు దాకా, రమారమి 180 కిలోమీటర్లు, రికవరీ వ్యాన్ మీద పంపాలి. వ్యాన్ కిరాయి కట్టే ముందు ఊళ్లోనే తేల్చుకోగలిగింది చాలా ఉంది.

ఇలాంటి బండ్లు మన వైపు రావడానికి ఢిల్లీ ఒక దారి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదని 2014, 2015ల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్ అంది. 2018లో సుప్రీంకోర్టు ఆ మాటనే నిలబెట్టింది. దాంతో ఎన్‌వోసీతో తక్కువ ధరకు ఇతర రాష్ట్రాలకు చేరే బండ్లు పెరిగాయి. వీటిలో నెలల తరబడి కదలకుండా నిలబడ్డవి ఉంటాయి. యజమాని గల్ఫ్‌లో ఉండి ఇంటి ముందు కప్పిపెట్టిన బండిదీ అదే పరిస్థితి. నిలబడ్డ కారులో ముందు చచ్చేది బ్యాటరీ.

అందుకే పరీక్ష అక్కడే మొదలుపెట్టాలి. ఇంజిను ఆపి కొన్ని గంటలు వదిలేశాక మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. ఇంజిను నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. స్టార్ట్ కొట్టే క్షణంలో పది కంటే బాగా కిందికి జారితే కారులోని కంప్యూటర్లు ఒకదాని మాట ఒకటి వినలేక ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, గేర్‌బాక్సు లైట్లు అన్నీ ఒకేసారి వెలిగిస్తాయి. ఐదు లైట్లు వచ్చాయంటే ఐదు రోగాలని కాదు. బ్యాటరీ కొత్తదైనా రాత్రికి రాత్రి దిగిపోతుంటే, తలుపులు వేసి తాళం పెట్టి కంప్యూటర్లు నిద్రపోయేదాకా ఆగి, మీటరు పెట్టి చూడాలి. 50 మిల్లీ ఆంపియర్లకు మించి కరెంటు పోతుంటే ఒక్కో ఫ్యూజు తీస్తూ దొంగను పట్టుకోవాలి. ఆ తర్వాత ఎర్త్ వైర్లు. మక్కల బస్తాల పక్కన, గోదాము నీడలో నిలిపిన బండిలో ఎలుక కొరికిన వైరు కూడా సెన్సరు పోయినట్టే కనిపిస్తుంది. వందలతో పోయే ఈ పనులు చేయకుండా వేలతో మొదలుపెట్టడం అన్యాయం.

స్కానరు ఆ తర్వాత. మన దేశంలో అమ్మే కార్లకు తమ లోపాలను తామే నమోదు చేసుకునే ఓబీడీ వ్యవస్థ మొదటి దశ 2010 ఏప్రిల్ నుంచి, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందటి కార్లలో కంపెనీకో తీరు. డబ్ల్యూ210 ఈ-క్లాసు తొలి బండ్లలో బానెట్ కింద 38 పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటుంది, ఈ39 బీఎండబ్ల్యూలో 20 పిన్నులది. ఆన్‌లైన్లో దొరికే చవక స్కానరు వీటిలో సగం మాట కూడా చదవలేదు. చదివినా అది చెప్పేది ఏ సర్క్యూట్‌లో తేడా ఉందో మాత్రమే, ఏ సామాను మార్చాలో కాదు. సెన్సరు పేరుతో కోడ్ వచ్చినప్పుడు పోయింది సెన్సరే కావచ్చు, దాని ప్లగ్గో వైరో కూడా కావచ్చు. ఇంజిను వేడెక్కాక ఉన్నట్టుండి ఆగిపోయి, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యే వీ6 బెంజిల్లో క్రాంక్ షాఫ్ట్ సెన్సరును మొదట అనుమానించాలి. మే నెల ఎండల్లో ఈ రోగం బాగా బయటపడుతుంది. ఇది తెలియక ఫ్యూయల్ పంపు అనవసరంగా మార్చించుకున్నవాళ్లు ఎందరో.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు వృథా అయ్యే చోటు గేర్‌బాక్సు. బెంజి 1996 నుంచి వాడిన 722.6 అనే ఐదు గేర్ల ఆటోమేటిక్ డబ్ల్యూ210, డబ్ల్యూ220 లాంటి ఎన్నో మోడళ్లలో ఉంది. లోపం వస్తే అది తనను తాను కాపాడుకోవడానికి లింప్ మోడ్‌లోకి పోతుంది. ఆపి మళ్లీ స్టార్ట్ చేసినా రెండో గేరులోనే కదులుతుంది, పైకి మారదు. బండి ఈడ్చుకుంటూ షెడ్డుకు చేరగానే ‘గేర్‌బాక్సు పోయింది, సెకండ్స్‌ది వేయాలి’ అనే తీర్పు వస్తుంది. గేర్‌బాక్సులో పళ్లు, క్లచ్ ప్లేట్లు బాగానే ఉండి చిన్న ప్లాస్టిక్ ముక్క వల్ల ఇలా జరగడం ఎంతో మామూలు. గేర్‌బాక్సు పక్కన వైర్లు లోపలికి పోయేచోట 13 పిన్నుల ప్లగ్గు అడాప్టరు ఉంటుంది. దాని రబ్బరు రింగులు గట్టిపడ్డాక ఆయిలు కారుతుంది. కిందికి కారితే కంటికి కనిపించేది. కానీ అది వైరు లోపలి రాగి పోగుల మధ్య నుంచి పాకి పైనున్న గేర్‌బాక్సు కంప్యూటరు దాకా వెళుతుంది. ఆ కంప్యూటరు ప్లగ్గు ఊడదీసి టిష్యూ కాగితంతో తుడిస్తే ఎర్రటి మరక అంటుతుందా లేదా అన్నది పది నిమిషాల పరీక్ష. అంటితే అడాప్టరు మార్చి, కనెక్టరు శుభ్రం చేసి, ఆయిలు మట్టం సరిచేయాలి. అంటకపోతే లోపల వేగం కొలిచే రెండు సెన్సర్లున్న కండక్టర్ ప్లేటును అనుమానించాలి. అది కూడా గేర్‌బాక్సు దించకుండా, అడుగున పాన్ విప్పి మార్చగలిగేదే. మట్టం చూడటానికి ఈ గేర్‌బాక్సుకు డిప్‌స్టిక్ ఇవ్వలేదు, గొట్టం మాత్రమే ఉంటుంది. వర్క్‌షాపు డిప్‌స్టిక్ విడిగా కొనుక్కోవాలి. ఈ ఆయిలు జీవితాంతం మార్చనక్కర్లేదని మొదట్లో కంపెనీయే చెప్పింది, తర్వాత మార్చాలంది. రెండో మాటే నమ్మదగ్గది.

ఎయిర్ సస్పెన్షన్‌ది మరో కథ. 1998 నుంచి 2005 దాకా వచ్చిన డబ్ల్యూ220 ఎస్-క్లాసు చాలావరకు స్ప్రింగుల మీద కాక గాలి నింపిన రబ్బరు బెలోస్ మీద నిలబడుతుంది. రబ్బరు వయసుకు పగులుతుంది, గాలి సన్నగా పోతుంది, ఆ లోటు తీర్చడానికి కంప్రెసరు విరామం లేకుండా తిరిగి కాలిపోతుంది. కాలిన కంప్రెసరు ఒక్కటే మార్చితే కొత్తదీ అదే దారి పడుతుంది. లీకు పట్టుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. సమతలమైన చోట రాత్రి బండి నిలిపి, నాలుగు మూలల్లో చక్రం పైన ఉన్న ఖాళీ టేపుతో కొలిచి రాసుకోవాలి. పొద్దున మళ్లీ కొలవాలి. ఒక్క మూలే దిగితే ఆ మూల స్ట్రట్టు లేదా దాని గొట్టం. రెండు మూలలు కలిసి దిగితే గాలిని పంచే వాల్వ్ బ్లాకును కూడా చూడాలి. ఏ మూలా దిగకపోయినా బండి లేవకపోతే ఫ్యూజు, రిలే, కంప్రెసరు. తర్వాత సబ్బు నీళ్లు కొట్టి బుడగలు ఎక్కడ లేస్తాయో చూస్తే లీకు బయటపడుతుంది. జాక్ ఒక్కదాన్నే నమ్మి ఈ బండి కిందికి ఎవరూ దూరకూడదు. గాలి దిగిందంటే మనిషి మీదికే దిగుతుంది.

బీఎండబ్ల్యూ ఈ39, ఈ46ల్లో బలహీనత కూలింగ్‌ది. ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, రేడియేటరు మెడ ప్లాస్టిక్‌వి, ఏళ్ల వేడికి పెళుసెక్కుతాయి. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే అల్యూమినియం హెడ్ వంగుతుంది. రేడియేటరులో బోరు నీళ్లు పోయకూడదు. మన నీళ్ల సున్నం లోపల పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటరు, కంపెనీ చెప్పిన కూలెంటు తప్ప మరొకటి వద్దు.

2002 నుంచి 2006 దాకా వచ్చిన డబ్ల్యూ211 ఈ-క్లాసుల్లోని ఎస్‌బీసీ అనే ఎలక్ట్రానిక్ బ్రేకులది వేరే హెచ్చరిక. ప్యాడ్లు మార్చే ముందు స్కానరుతో ఆ వ్యవస్థను నిద్రపుచ్చాలి. లేదంటే ఎవరో తలుపు తీసినా పంపు దానంతటదే ఒత్తిడి పెట్టి కాలిపర్‌లో ఉన్న వేళ్లను నలిపేస్తుంది. ఈ సంగతి తెలియని షెడ్డులో ఆ బ్రేకుల జోలికి పోనివ్వకూడదు.

లోపం తేలాక సామాను. ఇక్కడ పేరుతో అడగడం మోసపోవడానికి దగ్గరి దారి, నంబరుతో అడగాలి. బెంజి నంబరులో ‘ఏ’ తర్వాత పది అంకెలుంటాయి. మొదటి మూడు ఆ భాగం మొదట ఏ మోడలుకు తయారైందో చెబుతాయి, తర్వాతివి గ్రూపును. డబ్ల్యూ220 ముందు స్ట్రట్టు నంబరు 220 320 అని మొదలవుతుంది, 32 అంటే సస్పెన్షన్. పైన చెప్పిన కండక్టర్ ప్లేటు నంబరు 140 270తో, ప్లగ్గు అడాప్టరుది 203 540తో మొదలవుతాయి. మీ బండి 210 అయినప్పుడు డబ్బా మీద 140 అని చూసి కంగారు పడనక్కర్లేదు. ఒకే భాగం పది మోడళ్లకు వాడతారు. నంబరు ఖాయం చేసేది ఛాసిస్ నంబరు. దుకాణదారుకు పంపాల్సింది ఆ 17 అక్షరాల ఫొటో, దాంతోపాటు ఊడదీసిన పాత ముక్క మీది అంకెల ఫొటో.

బెంజి నక్షత్రం ఉన్న డబ్బాలోని సామాను చాలావరకు బెంజి చేసింది కాదు. బాష్, జడ్‌ఎఫ్, లెమ్‌ఫోర్డర్, సాక్స్, బిల్‌స్టైన్, మాన్, మాలె, హెల్లా లాంటి కంపెనీలు చేసి ఇస్తాయి. అదే వస్తువును ఆ కంపెనీ సొంత డబ్బాలో కొంటే ధర బాగా తగ్గుతుంది, నాణ్యత తగ్గదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ ఆన్‌లైన్లో గానీ ఈ పేర్లతోనే వెతకాలి. మరీ చవకగా వచ్చే బాష్ సెన్సరు మాత్రం బాష్‌ది కాకపోవచ్చు. డబ్బా ముద్రణ, భాగం మీది చెక్కుడు అంకెలు పాతదానితో పోల్చాలి.

చుట్టాల బండ్లు కూడా ఉపకరిస్తాయి. మొదటి తరం స్కోడా సూపర్బ్ ఆడితో పంచుకున్న ఫోక్స్‌వ్యాగన్ పసాట్ బీ5 పునాది మీద కట్టింది కాబట్టి ఆ కాలం ఆడి సామానులో కొంత స్కోడా దుకాణంలో తక్కువకు దొరుకుతుంది. ఇంకా పాత డబ్ల్యూ123 డీజిలు బెంజి ఉన్నవాళ్లకు మరో అదృష్టం. వాటిలో కొన్నిటికి పెట్టిన ఓఎం616 ఇంజిను పరిజ్ఞానాన్ని బజాజ్ టెంపో బెంజి నుంచే తీసుకుని మన దేశంలో తయారుచేసింది, ఆ ఇంజిను ట్రాక్స్‌లలో, ట్రావెలర్లలో ఊరూరా తిరిగింది. అన్ని భాగాలూ యథాతథంగా సరిపోవు, కొలతలు చూసుకోవాలి. అయినా ఆ ఇంజిను విప్పి బిగించిన మేస్త్రీలు జిల్లాలోనే ఉంటారు.

పాత సామాను కోసం ఢిల్లీ మాయాపురి, చెన్నై పుదుపేట, ముంబయి కుర్లా పేర్లు అందరూ చెబుతారు. బిల్లు లేని సామాను మాత్రం వద్దు. దొంగ బండ్లను విప్పి అమ్మిన మీరట్ సోతీగంజ్ బజారును 2021 డిసెంబరులో పోలీసులు మూయించారు. అలాంటి చోటి సామాను కొంటే కేసు కొన్నవాడి మెడకూ చుట్టుకుంటుంది. ఆర్మూరు వాళ్లకు షార్జా పాత సామాను బజారు ఇంకా దగ్గరనిపిస్తుంది, ఎవరో ఒకరు సెలవుకు వస్తూ తేగలరు. అక్కడి బండ్లు ఎడమవైపు స్టీరింగువని మరవకూడదు. స్టీరింగు రాక్, డాష్‌బోర్డు మనకు పనికిరావు, హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివాడి కళ్లలో పడుతుంది. అక్కడి కార్లలో పెట్రోలువే ఎక్కువ కాబట్టి డీజిలు ఇంజెక్టర్ల కోసం వెతకడం దండగ. సెన్సర్లు, అద్దాల మోటార్లు, లోపలి స్విచ్చులు తెప్పించుకోవచ్చు. ఎయిర్‌బ్యాగును, పెట్రోలు వాసన పోని పంపును సంచిలో పెట్టుకుని విమానం ఎక్కనివ్వరు. వాడిన బ్రేకు, ఎయిర్‌బ్యాగు, రబ్బరు సామాను ఎక్కడ దొరికినా కొనకూడదు. పదేళ్లు అరలో పడున్న రబ్బరుకు కూడా వయసు వస్తుంది.

కాగితాల ఖర్చు కూడా లెక్కలో ఉండాలి. 15 ఏళ్లు నిండిన కారుకు ఫిట్‌నెస్ పరీక్ష తర్వాత ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి దీని కేంద్ర రుసుము 5,000 రూపాయలు, దిగుమతి కారుకు 40,000. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో ఇది రెట్టింపైంది. వేరే రాష్ట్రం బండికి ఇక్కడి లైఫ్ ట్యాక్సు అదనం.

ఇన్ని చూసుకున్నాక ఆర్మూరులో ఉంచుకోదగ్గది మామూలు స్ప్రింగులతో వచ్చిన ఈ-క్లాసు, అందులోనూ ఎస్‌బీసీ తీసేశాక వచ్చిన 2006 తర్వాతి డబ్ల్యూ211. ఎయిర్ సస్పెన్షన్ ఉన్న ఎస్-క్లాసు ఎంత చవకగా వచ్చినా, నాలుగు మూలల కొలత రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి తీసుకోకుండా బయానా ఇవ్వకండి.