కుక్కకు ఇంగ్లీషు ఎందుకు?

మన ఇళ్ళల్లోకి కుక్కపిల్ల వస్తే మొదట మారేది చెప్పులు పెట్టే జాగా కాదు, భాష. అప్పటిదాకా చక్కగా తెలుగులో కొట్లాడుకునే ఇల్లు, కుక్క ముందర నిలబడి "సిట్, స్టే, నో, గుడ్ బాయ్" అని మొదలుపెడుతుంది. అడిగితే, కుక్కలకు ఇంగ్లీషే అర్థమవుతుంది అంటారు. ఈ మాట నేను ఒప్పుకోను.

మా ఇంట్లో కుక్క ఇదే మొదటిది. బెంగళూరు వీధిలో పుట్టిన నాటు పిల్ల, పేరు బొగ్గు. దాని తల్లి విన్నది కన్నడం, తెలుగు, తమిళం, కొంచెం ఉర్దూ. ఇంగ్లీషు దానికి ఎవరు నేర్పినారు? ట్రైనర్ మాత్రం మొదటి రోజే షరతు పెట్టినాడు: అందరూ ఇంగ్లీషు కమాండ్లే వాడాలి, లేకుంటే కుక్క కన్‌ఫ్యూజ్ అవుతుంది. ఇందులో సగమే నిజం. అందరూ ఒకే మాట వాడాలి, అది నిజం. ఆ మాట ఇంగ్లీషుదే కావాలన్నది ఆయన అలవాటు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, కాబట్టి పరీక్ష చేసే చెప్తున్నా. కుక్కకు కావలసింది ఒకే శబ్దం, చెప్పినట్టు చేస్తే వెంటనే ఒక ఉడికిన కోడి ముక్క. తెలుగులో చిక్కులు ఉన్నాయి. "రా" అని నేర్పితే, ఎవరో ఎవరినో "పోరా" అన్నప్పుడు కూడా లేచి వస్తుంది. అందుకే "ఇటు రా" అంటాం. "వద్దు", "వదులు" దగ్గరగా వినిపిస్తాయి, కాబట్టి నోట్లో చెప్పు ఉంటే "కింద పెట్టు". ఇంగ్లీషులో మాత్రం? సిట్, స్టే రెండూ ఒకే శబ్దంతోనే మొదలవుతాయి కదా. ఉసిగొల్పడానికైతే "ఉస్కో" మనకు ఎప్పటినుంచో ఉంది (వాడకండి, పక్కింటివాళ్ళు ఊరుకోరు).

బుడాపెస్టు పరిశోధకులు 18 కుక్కలను స్కానర్‌లో పడుకోబెట్టి ఒకే కథను స్పానిష్‌లో, హంగేరియన్‌లో వినిపించినారు. 2022లో వచ్చిన ఆ పేపర్ ప్రకారం, ఇంట్లో వినే భాషకూ, ఎప్పుడూ వినని భాషకూ కుక్క మెదడు వేరువేరుగా స్పందించింది. వయసు ఎక్కువైన కుక్కల్లో ఆ తేడా ఇంకా స్పష్టం. అంటే మీరు ఇంట్లో ఏం మాట్లాడుతున్నారో అది పట్టించుకుంటూనే ఉంది.

తమిళనాడులో రాజపాళయం ఉంది. అక్కడ స్థిరపడిన రాజులు మనలాంటి తెలుగువాళ్ళే. ఆ ఊరి పేరున్న కుక్క మీద 2005లో తపాలా బిళ్ళ కూడా వచ్చింది. ఆ వేటకుక్కలను వెనకటివాళ్ళు "సిట్" అని కూర్చోబెట్టినారా?

సరే, అసలు సంగతికి వస్తా. మనం ఆఫీసుకు పోతే పగలంతా కుక్క దగ్గర ఉండేది ఎవరు? చాలా ఇళ్ళల్లో అవ్వ. సంగటి కలిపి పెట్టేదీ ఆమే. మా చుట్టాల ఇంట్లో అవ్వ "ఇస్టే" అంటే కుక్క కదలదు, పిల్లలు పకపకా నవ్వుతారు. ఆమె ఇప్పుడు దానితో మాట్లాడడమే మానేసింది. తిండి పెట్టే మనిషి మాటకు సొంత ఇంట్లో విలువ లేకుండా చేసినారు. దీనికి ట్రైనింగ్ అని పేరు, పైగా ఫీజు.

నేను చదివింది కన్నడ మీడియం. నా తెలుగు బడిలో వచ్చింది కాదు. వంటింట్లో, ఆవుల కొట్టంలో విన్నది. ఆవును అదిలించే మాటలు, దూడను బుజ్జగించే మాటలు, కోళ్ళను తిట్టే తిట్లు. ఇప్పుడు ఆవులు లేవు, కొట్టం కార్ షెడ్ అయింది. మా పిల్లలు అరిచి, గారాబం చేసి, తిట్టి తెలుగు మాట్లాడడానికి మిగిలిన ప్రాణి ఈ కుక్క ఒక్కటే. దాన్ని కూడా తీసుకుపోయి ఇంగ్లీషుకు అప్పగిస్తారా?

"ఊరికి పోతే బోర్డింగులో వదలాలి, వాళ్ళకు తెలుగు రాదు" అంటారు. మొత్తం ఆరు మాటలు. కన్నడ లిపిలో కాగితం మీద రాసి గొలుసుతో పాటు ఇవ్వండి. మా డాక్టర్ కన్నడిగుడు. రేబీస్ టీకా వేసే ముందు ఆ కాగితం చూసి "ఆగు" అన్నాడు, బొగ్గు ఆగింది. ట్రైనర్‌కు కూడా ఒక కాపీ ఇచ్చినా.